‘బాగుంది’ అన్న తరువాత ఏమి చెప్పాలి?

ప్రశ్న: మా అక్కయ్య కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ మధ్య ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక పాట తయారుచేశాడు. మాటలు వాడివి, బాణీ ఒక స్నేహితుడిది, పాడింది ఇంకొకరు. ఫోనులో పంపి, “ఎలా ఉంది మామయ్యా?” అని అడిగాడు. “చాలా బాగుందిరా” అన్నాను. “ఏమి బాగుంది?” అన్నాడు. నాకేమీ తోచక “అంతా బాగుంది” అన్నాను. అవతల నుంచి కాసేపు మాట లేదు. వాడు చిన్నబుచ్చుకున్నాడని తెలుస్తూనే ఉంది. నేను ఘంటసాల పాటలు వింటూ పెరిగినవాణ్ణి. సంగీతం నేర్చుకోలేదు, రాగాల పేర్లు తెలియవు. నిజం చెప్పాలంటే డప్పుల మోతలో సగం మాటలు నాకు అందనే లేదు. తరువాత అడిగి రాయించుకున్న పల్లవి ఇది:

బస్సు కదిలెను, ఊరు మిగిలెను,
చేతి సంచిలొ చింతపండై
అమ్మ మౌనము వెంట వచ్చెను.

చింతపండుకూ మౌనానికీ సంబంధమేమిటో నాకు బోధపడలేదు. మా అక్కయ్య కూడా పాట విని ఏమీ అనలేదట. అది ఆమెకు నచ్చలేదేమోనని వాడి దిగులు. కొత్త పాటను ఎలా వినాలి? విన్నాక ఏమి చెప్పాలి?
ఒక మేనమామ, ఖమ్మం

సమాధానం: మీ మేనల్లుడు ఆ రెండో ప్రశ్న మిమ్మల్ని ఇరుకున పెట్టాలని వేయలేదు. ‘చాలా బాగుంది’ అని ఆఫీసులో పక్క సీటు వాళ్ళు కూడా అంటారు, పాట సగంలో ఆపేసి మరీ అంటారు. మేనమామ నిజంగా విన్నాడా లేదా అన్నది వాడికి కావాలి. మెచ్చుకోలు ఎంత పెద్దదైతే అంత తృప్తి కలుగుతుందని మనం అనుకుంటాం. రాసేవాళ్ళను అడిగి చూడండి, ‘అద్భుతం’ అన్నవాళ్ళు వాళ్ళకు గుర్తుండరు. ‘ఫలానా మాట దగ్గర తబలా ఆగింది చూడు, అక్కడ నాకు ఒళ్ళు జలదరించింది’ అన్నవాణ్ణి మాత్రం ఏళ్ళ తరబడి తలుచుకుంటారు. కాబట్టి ఎంత బాగుందో చెప్పే పని పెట్టుకోకండి, ఎక్కడ బాగుందో చెప్పండి. దానికి పాటలో ఒక చోటు మీకు దొరకాలి. ఆ చోటు ఎలా దొరుకుతుందో నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

రాగాల పేర్లు తెలియవని బాధపడకండి. కచేరీలో ముందు వరుసలో కూర్చుని, ఆలాపన మొదలుకాగానే రాగం పేరు పక్కవాళ్ళకు చెప్పేసి, ఆ తరువాత కచేరీ అయ్యేవరకు ఫోను చూసుకునే పెద్దమనుషులను చాలామందిని చూశాను. పేరు తెలియడం మంచిదే, కానీ వినడం అంతకన్నా ముందు పని.

ముందు ఫోను సంగతి తేల్చుకుందాం. మాటలు అందలేదన్నారు. ఫోను స్పీకరులో విని ఉంటారు. అది మరీ చిన్నది, మంద్రంగా పలికే వాద్యాలను సరిగా వినిపించలేదు. వినిపించగలిగిన కొద్ది మేరలోనే గొంతు, డప్పు, గిటారు అన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి. ఒక జత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ వినండి. మీకు అలవాటైన ఘంటసాల రోజుల్లో గాయకుడూ వాద్యబృందమూ ఒకే గదిలో కలిసి రికార్డు చేసేవారు, గొంతు ముందుండేది. ఇప్పుడు ఒక్కొక్క వాద్యాన్నీ గొంతునూ విడివిడిగా పట్టి, తరువాత కంప్యూటర్‌లో పాళ్ళు చూసి కలుపుతారు. ఏది ముందుండాలి, ఏది వెనక ఉండాలి అన్నది కలిపేవాడి చేతిలో ఉంది. ఇయర్‌ఫోన్లలో విన్నా మాటలు అందకపోతే మీ చెవికి వయసు వచ్చిందనుకోకండి. అది పాళ్ళలో వచ్చిన తేడా. ‘డప్పు కాస్త తగ్గిస్తే మాట వినబడుతుందిరా’ అని చెప్పండి. పనికొచ్చే సలహా అది, సరిదిద్దుకోవడానికి వీలున్నది కూడా.

ఇక వినడం. మొదటిసారి మాటల జోలికి పోకండి. చెయ్యి మోకాలి మీద వేసి దరువు పట్టుకోండి. తాళం పేరు అక్కరలేదు, అడుగులు ఎన్నేసి చొప్పున పడుతున్నాయో చూస్తే చాలు. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సమయం. మన పాటలు ఎక్కువగా నాలుగేసి మాత్రలుగానో (తకధిమి), మూడేసిగానో (తకిట), మూడూ నాలుగూ కలిపి ఏడేసిగానో (తకిట తకధిమి) నడుస్తాయి. అయిదేసిగా నడిచేవి (తకతకిట) కాస్త తక్కువ. ఈ నడక తెలిస్తే పాట రాసినవాడు ఏ దారిలో నడవాల్సి వచ్చిందో తెలుస్తుంది. ఆ దారిలో మాట ఎలా పడిందన్నది తరువాతి సంగతి.

ఒక ఉదాహరణ చూపిస్తాను. మీకూ తెలిసిన పాటే, మరీ పాతది కూడా కాదు. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ సినిమాలో ‘నాటు నాటు’. సంగీతం ఎం.ఎం. కీరవాణి, మాటలు చంద్రబోస్, పాడినవారు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. 2023లో ఆస్కార్ వచ్చింది కాబట్టి అందరూ దాని గురించి మాట్లాడారు. మాట్లాడినవాళ్ళలో ఎక్కువమంది కాళ్ళ గురించే మాట్లాడారు. ఆ నృత్యం అలాంటిది, వాళ్ళను తప్పు పట్టలేం. మీరు మాత్రం తెర చూడకుండా ఈ ఒక్క వరుస పలికి చూడండి:

మర్రి సెట్టు నీడ లోన కుర్ర గుంపు కూడి నట్టు

నేను కావాలనే విడగొట్టి రాశాను. బళ్ళో నేర్చుకున్న లఘువు, గురువు గుర్తు తెచ్చుకోండి. హ్రస్వాక్షరం లఘువు, ఒక మాత్ర. దీర్ఘం, సున్నా ఉన్న అక్షరం, ద్విత్వానికో సంయుక్తానికో ముందున్న అక్షరం గురువు, రెండు మాత్రలు. ఇప్పుడు లెక్కపెట్టండి. మర్రి: గురువు, లఘువు. సెట్టు: గురువు, లఘువు. నీడ, లోన, కుర్ర, గుంపు, కూడి, నట్టు అన్నీ అంతే. ఎనిమిది ముక్కలు, ఒక్కొక్కటి సరిగ్గా మూడు మాత్రలు. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. తకిట తకిట అని కొడుతున్న దరువు మీద ఆ మాటలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. గాయకుడు ఎక్కడా సాగదీయనక్కరలేదు, ఎక్కడా మింగనక్కరలేదు. అంత వేగంలో పాడుతున్నా ప్రతి మాటా మనకు అందడానికి ఇదొక ముఖ్య కారణం.

ఆ తరువాతి వరుస ఎర్రజొన్న రొట్టెలోకి మిరపతొక్కు కలుపుతుంది. అందులో ‘మిరప’, ‘కలిపి’ అనే రెండు చోట్ల గురువు-లఘువు బదులు మూడు లఘువులు పడ్డాయి. మాత్రలు అవే మూడు, కానీ నాలుక మీద చిటపటలాడతాయి. వరుసంతా ఒకే మూసలో పోతే విసుగు పుడుతుంది కనుక ఈ చిన్న మార్పు చెవికి హాయి. ఇంకో సంగతి. వరుసగా మూడు పంక్తులు ‘కిర్రు’, ‘మర్రి’, ‘ఎర్ర’ అని మొదలవుతాయి. రెండో అక్షరం మూడింట్లోనూ ‘ర’కార ద్విత్వం. పంక్తి నడుమ ‘కర్ర’, ‘కుర్ర’ అదే మోత మోగిస్తాయి. పద్యంలో దాన్ని ప్రాస అంటారు. అంతకు ముందు రెండు పంక్తుల్లో ‘పొలంగట్టు’కు సగం దూరంలో ‘పోట్లగిత్త’, ‘పోలేరమ్మ’కు సగం దూరంలో ‘పోతరాజు’ ఎదురవుతాయి. పంక్తి మొదటి అక్షరానికి నడుమ ఉన్న అక్షరాన్ని జత చేయడం, అంటే యతి. ఊరి కుర్రాళ్ళ చిందుపాటలో యతి, ప్రాస రెండూ ఉన్నాయన్నమాట. ‘కొత్త పాటల్లో సాహిత్యం ఏముందండీ’ అనేవాళ్ళకు ఈ అయిదు పంక్తులు అప్పజెప్పాలని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

అన్నట్టు, గురువు-లఘువు ముక్కను, మూడు లఘువుల ముక్కను ఛందస్సులో సూర్యగణాలంటారు. ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం పూర్తిగా అయిదేసి సూర్యగణాలు. ‘విశ్వ దాభి రామ వినుర వేమ’ అని చప్పట్లు కొడుతూ చెప్పండి, వెంటనే ‘మర్రి సెట్టు నీడ లోన’ అనండి. నడక ఒక్కటే. వేమన్న మకుటానికి చిందెయ్యవచ్చని మీ మేనల్లుడికి చెబితే నవ్వుతాడు, తరువాత లెక్కపెట్టి చూసుకుంటాడు.

ఇప్పుడు మీ వాడి పల్లవికి వద్దాం. చప్పట్లు కొడుతూ పలకండి. బస్సు (మూడు), కదిలెను (నాలుగు), ఊరు (మూడు), మిగిలెను (నాలుగు). రెండో పంక్తి: చేతి, సంచిలొ, చింత, పండై. మూడు, నాలుగు, మూడు, నాలుగు. మూడో పంక్తి కూడా అంతే. ఒక్కొక్క పంక్తికి పద్నాలుగు మాత్రలు. ఈ నడకను గురజాడ అప్పారావు 1910లో ‘ముత్యాల సరాలు’ పేరుతో తెలుగు కవిత్వంలోకి తెచ్చారు. ‘దేశ మునుప్రే మించు మన్నా, మంచి అన్నది పెంచు మన్నా’ అని పక్కనే పెట్టి చూసుకోండి, అచ్చంగా కలిసిపోతుంది. మీ మేనల్లుడికి ఈ సంగతి తెలిసి రాశాడో, చిన్నప్పుడు బడిలో పాడిన గేయం చెవిలో ఉండిపోయి దానంతట అది వచ్చిందో నేను చెప్పలేను. మీరు అడగవచ్చు. ఫోనులో మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి విషయం ఏముంటుంది?

‘సంచిలో’ అనవలసింది ‘సంచిలొ’ అని కుదించాడు, గమనించారా? మాత్ర సరిపోవడానికి. అది పాటలో చెల్లుతుంది, తప్పు పట్టకండి. అయితే ఒక చోట నాకు కాస్త పంటికింద రాయి తగిలింది. ‘కదిలెను’, ‘మిగిలెను’, ‘వచ్చెను’. బెంగళూరు బస్సెక్కిన కుర్రాడు ఇలా మాట్లాడడు కదా? ‘బస్సు కదిలింది’ అంటాడు. అయితే ‘కదిలింది’ అంటే అయిదు మాత్రలు, ఒకటి ఎక్కువ. నాలుగు కావాలి కనుక ‘కదిలెను’ దగ్గరకు పోయాడు. పాటలు రాసేవాళ్ళందరికీ ఉండే ఇబ్బంది ఇది, మన పాటల్లో పాత క్రియారూపాలు ఇంకా బతికి ఉండటానికి సగం కారణం కూడా ఇదే. ‘బస్సు కదిలే, ఊరు మిగిలే’ అంటే నాలుగు మాత్రలూ ఉంటాయి, పెద్దబాలశిక్ష వాసన తగ్గుతుంది. ఇది తీర్పులా చెప్పకండి. “ఇక్కడ ‘కదిలే’ అంటే ఎలా ఉంటుందిరా, ట్యూనులో పడుతుందా?” అని అడగండి. వాడు ‘పడదు మామయ్యా’ అని కారణం చెబితే మీరు ఒకటి నేర్చుకున్నట్టు. ‘పడుతుంది’ అంటే వాడి పాట బాగుపడినట్టు. ‘నాటు నాటు’లో 90 శాతం సగం రోజులో వచ్చేసిందని, మిగిలిన 10 శాతానికి 19 నెలలు పట్టిందని చంద్రబోస్ స్వయంగా చెప్పారు. కాబట్టి ఒకటి రెండు మాటలు ఇంకా కుదరకపోతే మీ వాడు బెంగపడనక్కరలేదు.

రెండోసారి వింటున్నప్పుడు మాటలు రాసుకున్న కాగితం ఎదురుగా పెట్టుకోండి. ఈసారి చూడవలసింది బాణీ ఆ మాటలను ఏమి చేసిందన్నది. నేను మీ పాట వినలేదు, వరుసలు మాత్రమే చూశాను కాబట్టి ఇక్కడ మీ చెవే ప్రమాణం. బాణీ ఎక్కడ పైకి ఎగసింది? ఆ శిఖరం మీద ఏ మాట ఉంది? ‘అమ్మ’ ఉంటే ఒక అర్థం, ‘మౌనము’ ఉంటే ఇంకో అర్థం, ‘బస్సు’ ఉంటే పాట తయారుచేసినవాళ్ళు ఒకసారి ఆలోచించుకోవాలి. ‘మౌనము’ అనే మాట పాడుతున్నప్పుడు వెనక వాద్యాలు తగ్గాయా, అలాగే మోగుతున్నాయా? తగ్గి ఉంటే ఆ బాణీ కట్టిన కుర్రాడు మాటలు చదివి పనిచేశాడన్నమాట. మోగుతూనే ఉంటే మీకు మాటలు అందకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

సాగదీత కూడా చూడండి. మన భాషలో హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా వస్తే మాటే మారిపోతుంది. బాణీలో పొడవాటి స్వరం మీద ‘కల’ పడితే వినేవాడికి ‘కాల’ అని వినబడుతుంది. పంక్తి చివరి అక్షరాన్ని ఎంత సాగదీసినా చెవి క్షమిస్తుంది, మొదటి అక్షరాన్ని సాగదీస్తే క్షమించదు. మీ వాడి పల్లవిలో ప్రతి ముక్కా గురువుతో మొదలవుతుంది లేదా నాలుగు లఘువులతో గలగలా పోతుంది. ‘చేతి’, ‘చింత’, ‘అమ్మ’, ‘వెంట’ అన్నీ సాగడానికి వీలున్న మాటలే. ‘కదిలెను’, ‘మిగిలెను’ దగ్గర మాత్రం పాడినవారు ‘కా’, ‘మీ’ అనకుండా పాడారా అని వినండి. ఉచ్చారణ గురించి ఎక్కువ చెప్పను, ఒక్క మాట: ‘ళ’ను ‘ల’గా పలికే గాయకులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ‘కళ్ళు’ కాస్తా ‘కల్లు’ అయ్యాక ప్రేమగీతానికి మిగిలేదేముంది?

మీ వాణ్ణి తప్పకుండా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ముందు మాటలు పుట్టాయా, బాణీ పుట్టిందా? కె.వి. మహదేవన్ ముందు సాహిత్యం చేతికి వస్తే దానికి బాణీ కట్టడానికి ఇష్టపడేవారని సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ రోజుల్లో ఎక్కువగా బాణీ ముందు వస్తుంది, ‘తనన తానన’ మీదనో, అర్థం లేని డమ్మీ మాటల మీదనో పాడి పంపిస్తే రచయిత దానిలో మాటలు నింపుతాడు. రెండూ పద్ధతులే. మాటలు ముందు వచ్చి ఉంటే ఆ పద్నాలుగు మాత్రల నడక మీ వాడి ఎంపిక, మెప్పు వాడికి చెందుతుంది. బాణీ ముందు వచ్చి ఉంటే ఆ నడక స్నేహితుడిది, అందులో ఒక్క మాత్ర జారకుండా మాట కూర్చడం మీ వాడి నేర్పు. ఎవరిని దేనికి మెచ్చుకోవాలో తెలియాలంటే ఇది తెలియాలి.

బాణీ మాటకు ఏమి చేస్తుందో తెలుసుకోవాలన్న ఆసక్తి కలిగితే అన్నమయ్య కీర్తనలు వినండి. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద కీర్తనల సాహిత్యం ఉంది, రాగాల పేర్లు ఉన్నాయి, స్వరాలు లేవు. అన్నమయ్య ఎలా పాడాడో ఎవరికీ తెలియదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు ఈ కాలంలో వాటికి బాణీలు కట్టారు. అందువల్ల ఒకే కీర్తన ఇద్దరి నోట రెండు రకాలుగా వినే అవకాశం మనకు దొరికింది. అలాంటిది ఒకటి వెతికి వరుసగా రెండు బాణీల్లోనూ వినండి. ఒకదానిలో వేడుకోలుగా వినబడిన మాట ఇంకొకదానిలో నిష్ఠూరంగా వినబడుతుంది. అక్షరం మారలేదు. మారింది బాణీ. ఒక సాయంత్రం ఈ పని చేస్తే రాగాల పుస్తకం చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

చింతపండు దగ్గర ఆగిపోయానన్నారు. ఆగిపోవడం మంచి లక్షణం, చాలామంది దాటిపోతారు. మీరే ఆలోచించండి. ఊరు విడిచి వెళ్ళే కొడుక్కి ఏ తల్లి అయినా ఏదో ఒకటి సంచిలో పెడుతుంది. కొత్త చింతపండు, కారప్పొడి, ఆవకాయ సీసా. బెంగళూరులో చింతపండు దొరకదా? కిరాణా కొట్లో కావలసినంత దొరుకుతుంది. ఆమెకూ ఆ సంగతి తెలుసు. ‘వెళ్ళొద్దురా’ అనలేక, ‘మళ్ళీ ఎప్పుడొస్తావు’ అని అడగలేక సంచి సర్దే పని పెట్టుకుంటుంది. మాట అనవలసిన చోట పొట్లం కట్టింది. ఆ పొట్లమే కొడుకు వెంట వచ్చింది, రేపు చారు కాచుకున్నప్పుడల్లా ఆమె అననిదేదో వాడికి పుల్లగా తగులుతుంది. నాకు కనిపించింది ఇది. మీకు ఇంకొకటి కనిపిస్తే అదే చెప్పండి. అర్థం కాలేదని చెప్పినా నామోషీ ఏమీ లేదు, కాకపోతే ‘అర్థం కాలేదు’ అని వదిలేయకుండా ‘చింతపండు ఎందుకు పెట్టావురా, ఆవకాయ ఎందుకు పెట్టలేదు?’ అని అడగండి. వాడు చెప్పే జవాబులో మీకు పాట తెరుచుకోవచ్చు. నాకైతే ఆ పల్లవిలో అన్నిటికన్నా నచ్చింది ఆ చింతపండే. ‘అమ్మ ప్రేమ వెంట వచ్చెను’ అని రాసి ఉంటే మాత్రలు సరిపోకపోవడం అటుంచి, మీ ఉత్తరం చదివి నేను ఇంత రాసేవాణ్ణి కాదు.

ఘంటసాల పాటలతో పెరిగానని ఏదో ఒప్పుకోలులా రాశారు. అందులో సంకోచపడవలసిందేమీ లేదు. అయితే ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఆ పాటలు మీకు మొదటిసారి విన్నప్పుడే నచ్చలేదు. రేడియోలో పదే పదే విన్నారు, పెళ్ళి పందిళ్ళలో మైకులో విన్నారు, ఇంట్లో ఎవరో కూనిరాగం తీస్తే విన్నారు. అన్నిసార్లు విన్న పాటను ఒక్కసారి విన్న పాటతో తూచడం న్యాయం కాదు. ఆ రోజుల్లో వచ్చిన నాసిరకం పాటలన్నీ మనం ఏనాడో మరిచిపోయాం, మంచివే మిగిలాయి, అందుకే పాత కాలమంతా మంచి పాటల కాలంలా కనిపిస్తుంది. కొత్త పాటలకు ఆ జల్లెడ ఇంకా పట్టలేదు. మీ వాడి పాటకు రెండు మూడు రోజులు గడువివ్వండి. మధ్యలో వేరే పని చేసుకుంటూ ఉండగా ఏదైనా ముక్క దానంతట అది నోటికి వచ్చిందా అని చూసుకోండి. వస్తే ఏ ముక్క వచ్చిందో రాసి పెట్టుకోండి. వాడికి చెప్పవలసిన మొదటి మాట అదే. “పొద్దున కూరగాయలు తెచ్చుకుంటుంటే ‘చేతి సంచిలొ’ అని నాకు తెలియకుండానే పాడుకుంటున్నానురా” అంటే పాట రాసినవాడికి అంతకంటే ఏమి కావాలి? అబద్ధం మాత్రం చెప్పకండి. నోటికి రాకపోతే రాలేదు, చప్పట్లు కొట్టి పట్టుకున్న నడక సంగతి ఉంది కదా, అది చెప్పండి.

ఇది మెసేజీలో రాయకండి, ఫోను చేసి మాట్లాడండి. పాట గురించి చెప్పాలంటే కాస్త పాడి చూపించవలసి వస్తుంది, గొంతు బాగుండకపోయినా ఫరవాలేదు. మెచ్చుకోలు ముందు, సందేహం తరువాత, సలహా ఒక్కటే. ‘డప్పు తగ్గించు, క్రియలు మార్చు, గాయకుణ్ణి మార్చు’ అని వరసపెట్టి చెబితే వాడు మళ్ళీ మీకు పాట పంపడు.

మీ అక్కయ్య గారి విషయం. ఆమె ఏమీ అనకపోవడాన్ని నచ్చలేదని అర్థం తీయడం తొందరపాటు. పాట ఎవరి గురించో చూశారు కదా. తన గురించి కొడుకు రాసిన మాటలు విని వెంటనే ‘పల్లవి బాగుంది నాయనా’ అనగలిగే తల్లులు తక్కువ. ఆమె తరఫున మీరు మేనల్లుడికి సర్దిచెప్పకండి, ‘అమ్మకు నచ్చిందిలే’ అని లేని మాట పుట్టించకండి. ఈసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పాట పెట్టి ఇద్దరూ కలిసి వినండి. మాటలు ఆమెకు అందాయో లేదో మీకెలా తెలుసు? ఆమె కూడా ఫోను స్పీకరులోనే విని ఉంటుంది. కాగితం మీద రాసిన పల్లవి తీసుకెళ్ళండి, చదువుకోవాలనుకుంటే చదువుకుంటుంది.

చివరగా ఒక ఫిర్యాదు, మీ మీదే. ఆకాశవాణిలో పాట వేసే ముందు పాడినవారు, రాసినవారు, సంగీతం కూర్చినవారు, ముగ్గురి పేర్లూ చెప్పేవారు. మనం ఆ పేర్లు వింటూనే పెరిగాం. మీరు ఇంత వివరంగా ఉత్తరం రాశారు, అందులో బాణీ కట్టింది ‘ఒక స్నేహితుడు’, పాడింది ‘ఇంకొకరు’. ఈ పాటను బంధువులకు పంపేటప్పుడు ముగ్గురి పేర్లూ రాసి పంపండి. ఏడు మాత్రల నడకను ఎంచుకున్నది బాణీ కట్టిన కుర్రాడే అని తేలితే అతనికి కూడా ఒక ఫోను చేయండి. అతని మేనమామ కూడా ‘చాలా బాగుందిరా’ అనే ఊరుకుని ఉంటాడు.